రేపు ఇతను ఆడకపోతే, ఆ చోట ఎవరు?



ఈ పూట మనం ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. మన భారత జట్టు గురించి మాట్లాడుకుందాం.

జట్టు ఎలా ఉందని ఎవరైనా అడిగితే మనం ఏం చేస్తాం? మైదానంలోకి దిగిన పదకొండు మందిని చూస్తాం. అందులో మనకు తెలిసిన పేర్లు వెతుకుతాం. ఫలానావాడు ఉన్నాడు, ఇక భయం లేదు అనుకుంటాం. ఈ రోజు మీకు ఇంకో లెక్క చెబుతాను. చిన్న లెక్కే. కాగితమూ పెన్నూ అక్కర్లేదు. ఒక్కొక్క ఆటగాణ్ణి చూసి ఒక్క ప్రశ్న వేసుకోవాలి. రేపు ఇతను ఆడకపోతే, ఆ చోట ఎవరు?

మళ్లీ చెబుతున్నాను, గుర్తు పెట్టుకోండి. రేపు ఇతను ఆడకపోతే, ఆ చోట ఎవరు?

మా ఊరు బేతంచెర్లలో ఈ ప్రశ్న ఎవరికీ కొత్త కాదు. ఇక్కడ నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఒక ఫ్యాక్టరీలో పాతికమంది పని చేస్తున్నారనుకోండి. రాళ్లు మోసేవాళ్లలో ఇద్దరు రాకపోయినా పని నడుస్తుంది. మిగిలినవాళ్లు సర్దుకుంటారు. కానీ కటింగ్ మిషన్ దగ్గర నిలబడేవాడు ఒక్కడే ఉండి, ఆ ఒక్కడికీ జ్వరం వస్తే? పాతికమందిలో ఇరవై నాలుగు మంది వచ్చినా ఆ రోజు రాయి కోత పడదు. అంటే మొత్తం మనుషులు ఎంతమందో చూసుకుంటే చాలదు. ఏ పనికి ఎంతమంది ఉన్నారో చూసుకోవాలి.

ఫుట్‌బాల్ జట్టుకూ ఇదే లెక్క. అందుకని మన జట్టును వెనక నుంచి ముందుకు, ఒక్కో స్థానమూ చూసుకుంటూ వెళదాం. గోల్‌పోస్టు దగ్గర మొదలుపెడదాం.

గోల్‌కీపర్. ఇక్కడ మనం ధైర్యంగా ఉండొచ్చు. గుర్‌ప్రీత్ సింగ్ సంధు ఉన్నాడు. ఆరడుగుల పైచిలుకు మనిషి, నార్వే దేశంలో క్లబ్బుకు ఆడి వచ్చినవాడు. అతను ఆడకపోతే ఎవరు? అమ్రీందర్ సింగ్ ఉన్నాడు. అతనూ ఆడకపోతే? విశాల్ కైత్ ఉన్నాడు. ముగ్గురూ పెద్ద క్లబ్బుల్లో ఏళ్ల తరబడి గోల్ కాసినవాళ్లే. మన ప్రశ్నకు ఇక్కడ వెంటనే జవాబు దొరికింది.

ఆ తర్వాత డిఫెండర్లు. రెండు పక్కలా కాచే ఫుల్‌బ్యాకులు మనకు ఉన్నారు. ఎడమ పక్క శుభాశిష్ బోస్, ఆకాశ్ మిశ్రా, కుడి పక్క ఆశిష్ రాయ్ లాంటివాళ్లు. నడుమ నిలబడే సెంటర్‌బ్యాకుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గుండె కాస్త దడదడలాడుతుంది. చాలా ఏళ్లుగా ఆ చోట సందేశ్ ఝింగన్ ఒక గోడలా నిలబడ్డాడు. అతను లేనప్పుడు ఏం జరిగిందో చూడండి. 2025 అక్టోబరులో ఆసియా కప్ అర్హత కోసం మనవాళ్లు సింగపూర్‌తో రెండు మ్యాచ్‌లు ఆడారు. మొదటిది సింగపూర్‌లో. ఆ మ్యాచ్‌లో ఝింగన్‌కు రెడ్ కార్డు చూపించారు. మైదానం వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. పదిమందితోనే ఆడి చివరి నిమిషాల్లో ఒక గోల్ కొట్టి, ఒకటీ ఒకటితో సమం చేసుకున్నారు. అంతవరకు మెచ్చుకోవాల్సిందే. రెండో మ్యాచ్ మన గోవాలో జరిగింది. రెడ్ కార్డు పడినవాడికి తర్వాతి మ్యాచ్ ఉండదు. ఝింగన్ లేడు. మనం ముందు గోల్ కొట్టి కూడా రెండూ ఒకటితో ఓడిపోయాం. 2027 ఆసియా కప్ దారి మూసుకుపోయింది. ఒక్కడు లేనందుకే ఓడిపోయామని నేను అనను. ఆటలో అనేక కారణాలు ఉంటాయి. కానీ పెద్ద మ్యాచ్ ముందు రోజు మన ప్రశ్న మనల్ని ఎలా నిలదీస్తుందో చూశారు కదా. రేపు ఇతను ఆడకపోతే, ఆ చోట ఎవరు?

మైదానం నడుమ ఆడే మిడ్‌ఫీల్డర్లకు కొదవ లేదు. మణిపూర్, మిజోరం నుంచి వచ్చిన కుర్రాళ్లు ఆ చోటును నింపుతున్నారు. జీక్సన్ సింగ్, సురేశ్, అపుయా. అంచుల వెంట పరుగెత్తే వింగర్లూ ఉన్నారు. ఛాంగ్తే ఉన్నాడు, లిస్టన్ కొలాసో ఉన్నాడు. సింగపూర్ మీద గోవాలో మన గోల్ కొట్టింది ఈ ఛాంగ్తేనే.

ఇక చివరిది, అన్నిటికన్నా ముందుండే చోటు. సెంటర్ ఫార్వర్డ్. అవతలివాళ్ల గోల్‌పోస్టు ముందు నిలబడి, వచ్చిన బంతిని వలలోకి కొట్టాల్సినవాడు. ఇక్కడ మన ప్రశ్న వేస్తే ఏం వినిపిస్తుంది? ఒకటే పేరు వినిపిస్తుంది. చాలా ఏళ్లుగా ఆ ఒక్క పేరే వినిపిస్తూ వచ్చింది. సునీల్ ఛేత్రి.

ఛేత్రి పుట్టింది మన సికింద్రాబాదులోనే, 1984లో. 2005లో పాకిస్తాన్ మీద, క్వెట్టాలో మొదటి అంతర్జాతీయ మ్యాచ్ ఆడాడు. ఆ మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. ఆ తర్వాత కొడుతూనే ఉన్నాడు. 2024 జూన్ 6న కోల్‌కతాలో, కువైట్‌తో ఆడి, అంతర్జాతీయ ఆట నుంచి సెలవు తీసుకున్నాడు. అప్పటికి 94 గోల్స్. ప్రపంచంలో దేశం తరఫున ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ల వరసలో రొనాల్డో, మెస్సీల పేర్ల దగ్గర మన మనిషి పేరు ఉంది. మనం గర్వపడాలి. గర్వపడుతూనే ఆ ప్రశ్న కూడా వేసుకోవాలి. ఛేత్రి ఆడకపోతే, ఆ చోట ఎవరు?

జవాబు మన హైదరాబాదులోనే తేలింది. అదే 2024 సెప్టెంబరులో గచ్చిబౌలి స్టేడియంలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ జరిగింది. ఛేత్రి లేని భారత జట్టు ఆడింది. మారిషస్‌తో ఆడితే గోల్ రాలేదు. సిరియాతో ఆడితే మూడు గోల్స్ ఇచ్చాం, ఒక్కటీ కొట్టలేదు. నవంబరులో అదే స్టేడియంలో మలేషియాతో ఆడాం. ఒకటీ ఒకటి. ఆ ఒక్క గోల్ ఎవరు కొట్టారు? రాహుల్ భేకే. డిఫెండర్. కార్నర్ కిక్‌కు ముందుకు వెళ్లి తలతో కొట్టాడు. ముందువరస ఆటగాళ్లు కొట్టాల్సిన గోల్‌ను వెనక వరస మనిషి వెళ్లి కొట్టి రావాల్సి వచ్చింది. ఆ ఏడాదంతా మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

చివరికి ఏమైంది? 2025 మార్చిలో ఛేత్రిని మళ్లీ పిలిచారు. అప్పటికి అతనికి నలభై ఏళ్లు. షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద ఆడి, వచ్చీ రాగానే గోల్ కొట్టాడు. అతని పట్టుదలకు చేతులెత్తి నమస్కరించాలి. కానీ నూట నలభై కోట్ల మంది ఉన్న దేశంలో, ఆ చోటు కోసం సెలవు తీసుకున్న మనిషినే మళ్లీ పిలవాల్సి వచ్చింది. ఇది మనం బాధపడాల్సిన విషయం.

ఇక్కడ మీరొక మాట అడగాలి. గోల్‌కీపర్లు ముగ్గురున్నారు. సెంటర్ ఫార్వర్డ్ అంటే ఒక్క ఛేత్రి పేరే వినిపించింది. ఎందుకని? మన పిల్లలకు గోల్ ఆపడం వచ్చి, గోల్ కొట్టడం రాదా? అలా ఎక్కడైనా ఉంటుందా?

కారణం వేరే ఉంది. దాన్ని మన హైదరాబాద్ క్లబ్బు కథతో చెబుతాను, వినండి.

2022 మార్చి 20. గోవాలోని మడ్గావ్. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. మ్యాచ్ ఒకటీ ఒకటితో సమమైంది. పెనాల్టీ కిక్కుల దాకా వెళ్లింది. అప్పుడు హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమని మూడు కిక్కులు ఆపాడు. మూడు! హైదరాబాద్ కప్పు గెలిచింది. కట్టిమని ఎక్కడివాడు? గోవావాడు, మన దేశం మనిషి. ఆ జట్టు ఫుల్‌బ్యాకులు ఎవరు? ఇందాక చెప్పుకున్న ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్. వాళ్లూ మన దేశం కుర్రాళ్లే. మరి గోల్స్ కొట్టింది ఎవరు? ఆ ఏడాది లీగ్ మొత్తంలో ఎక్కువ గోల్స్ కొట్టినవాడు హైదరాబాద్ సెంటర్ ఫార్వర్డే. పద్దెనిమిది గోల్స్ కొట్టాడు. పేరు బార్తొలోమ్యూ ఒగ్బెచే. నైజీరియా దేశస్థుడు.

గొప్ప ఆటగాడు. అతన్ని చూసి మన పిల్లలు ఎంతో నేర్చుకోవచ్చు. కానీ కారణం ఏమిటో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. లీగ్‌లో ఒక్కో జట్టు మైదానంలో ఇంతమంది విదేశీ ఆటగాళ్లను దించొచ్చని పరిమితి ఉంటుంది. 2014లో లీగ్ మొదలైనప్పుడు పదకొండు మందిలో ఆరుగురి దాకా విదేశీయులే ఉండొచ్చు. 2021 నుంచి దాన్ని నలుగురికి తగ్గించారు. ఆ కొన్ని చోట్లను క్లబ్బు ఎక్కడ వాడుకుంటుంది? గోల్‌కీపర్ కోసం సాధారణంగా వాడదు. గోల్ కొట్టేవాడి కోసం వాడుతుంది. అందువల్ల గోల్‌పోస్టు కింద మన కుర్రాడు నిలబడ్డాడు. వారం వారం ఆడాడు. తప్పులు చేశాడు, దిద్దుకున్నాడు, ఎదిగాడు. గోల్‌పోస్టు ముందు విదేశీ ఆటగాడు నిలబడ్డాడు. మన కుర్రాడు పక్కకు జరిగాడు, లేదా బెంచీ మీద కూర్చున్నాడు.

మన్వీర్ సింగ్ సంగతే చూడండి. పంజాబ్ కుర్రాడు. మోహన్ బగాన్‌కు ఆడతాడు. అక్కడ అతని చోటు కుడి అంచు. నడుమ గోల్ కొట్టే చోటు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఆటగాళ్లది. దేశానికి ఆడేటప్పుడు మాత్రం ఆ మన్వీర్‌నే పిలిచి, నువ్వు నడుమ ఆడు అంటారు. ఏడాదంతా ఒక చోట ఆడినవాణ్ణి ఒక్క సాయంత్రం ఇంకో చోట నిలబెట్టి గోల్ కొట్టమంటే, అది ఆ కుర్రాడికి న్యాయమా?

అందుకే ఈ మాట మనసులో పెట్టుకోండి. ఒక స్థానంలో బలం అనేది జాబితాలో రాసిన పేర్లతో రాదు. ఆ స్థానంలో ఆడిన మ్యాచ్‌లతో వస్తుంది. ఇంకోసారి చెబుతాను. పేర్లతో రాదు, ఆడిన మ్యాచ్‌లతో వస్తుంది.

ఇది ఇవాళ నేను కనిపెట్టింది కాదు. అరవై ఏళ్ల కిందట మన హైదరాబాదు మనిషి ఒకాయన చేసి చూపించారు. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరూ రహీం సాబ్ అనేవాళ్లు. బడిలో పాఠాలు చెప్పిన పంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును ఆయన తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకు కోచ్ అయ్యాక, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. అంతకు మించి ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మనం ఎప్పుడూ వెళ్లలేదు.

1962లో జకార్తా ఏషియన్ గేమ్స్. రహీం సాబ్ అప్పటికే క్యాన్సర్‌తో ఉన్నారు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో రెండు గోల్స్‌తో ఓడిపోయాం. తర్వాత థాయ్‌లాండ్ మీద గెలిచాం. గెలిచాం కానీ, మన స్టాపర్, అంటే వెనక నడుమ నిలబడే డిఫెండర్, జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు వేశారు. తర్వాత జపాన్‌తో మ్యాచ్‌లో అతను ఆడలేదు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్‌కు జ్వరం. ఒక్కసారి ఆలోచించండి. గోల్‌కీపర్ లేడు, స్టాపర్ లేడు. మన ప్రశ్న రహీం సాబ్ ముందు రెండు చోట్ల ఒకేసారి నిలబడింది.

ఆయన దగ్గర జవాబు ఉంది. గోల్‌పోస్టు కింద ప్రద్యుత్ బర్మన్‌ను నిలబెట్టారు. వెనక నడుమ చోటును అరుణ్ ఘోష్‌కు అప్పగించారు. జపాన్ మీద గెలిచాం. సెమీఫైనల్‌కు జర్నైల్ వస్తానన్నాడు, తలకు కట్టుతోనే. గాయమైన తలతో అతన్ని స్టాపర్‌గా పెడితే ప్రతి బంతినీ తలతోనే ఆపాల్సి వస్తుంది. అప్పుడు రహీం సాబ్ ఒక పని చేశారు. ఆ డిఫెండర్‌ను తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు! అది గుడ్డి సాహసం కాదు. కాలేజీ రోజుల్లో జర్నైల్ సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడినవాడే. ఆ సంగతి కోచ్‌కు తెలుసు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద జర్నైల్ గోల్ కొట్టాడు. మూడూ రెండుతో గెలిచాం.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ దక్షిణ కొరియానే. స్టేడియం నిండా జనం, వాళ్లలో ఎక్కువమంది మనకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. తంగరాజ్ కోలుకుని గోల్ దగ్గరికి వచ్చాడు. పి. కె. బెనర్జీ మొదటి గోల్ కొట్టాడు. కాసేపటికే రెండో గోల్. కొట్టింది ఎవరు? తలకు కట్టుతో ఆడుతున్న జర్నైల్ సింగ్. రెండూ ఒకటితో గెలిచాం. ఏషియన్ గేమ్స్ బంగారు పతకం. ఆ రోజు ఆడినవాళ్లలో మన తెలుగు నేల బిడ్డలూ ఉన్నారు. సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్. ఆ తర్వాతి ఏడాది, 1963 జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశారు.

ఆ బలం ఆయనకు ఎలా వచ్చింది? జకార్తాలో ఒక్క రాత్రిలో రాలేదు. హైదరాబాదు మైదానాల్లో ఏళ్ల తరబడి తయారైంది. రహీం సాబ్ ఆటగాళ్లకు చిత్రమైన పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే తన్నాలి. ఇంకో పోటీలో బంతిని కాళ్ల దగ్గర తిప్పుకుంటూ వెళ్లకూడదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఎందుకలా? రెండు కాళ్లూ పలికినవాడు రెండు పక్కలా ఆడగలడు. బంతిని తొందరగా వదిలేవాడు ఏ చోటైనా ఇమిడిపోగలడు. బలరాంను చూడండి. ఎడమ అంచున ఆడాడు, లోపలికి వచ్చి ఆడాడు, నడుమ సెంటర్ ఫార్వర్డ్‌గానూ ఆడాడు. ఒక్క మనిషి, మూడు చోట్లు. అలాంటివాడు జట్టులో ఉంటే కోచ్ రాత్రి నిద్రపోగలడు.

మన అమ్మాయిల జట్టు గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2022 జనవరిలో మహిళల ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. ఇరాన్‌తో మొదటి మ్యాచ్ ఆడారు. తర్వాత జట్టులో కోవిడ్ వచ్చింది. చైనీస్ తైపీతో మ్యాచ్ రోజుకు, నిబంధన ప్రకారం చూపాల్సిన పదమూడు మంది కూడా ఆరోగ్యంగా మిగల్లేదు. సొంత దేశంలో, సొంత మైదానంలో, ఆడకుండానే తప్పుకోవాల్సి వచ్చింది. ఆ అమ్మాయిల ఆవేదన మనం ఊహించుకోవచ్చు. అయినా వాళ్లు నిలబడ్డారు. 2025 జులైలో థాయ్‌లాండ్ వెళ్లి, ఆ దేశం జట్టునే రెండూ ఒకటితో ఓడించి, ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఆ రెండు గోల్స్ కొట్టిన సంగీతా బాస్ఫోర్ మిడ్‌ఫీల్డర్. ముందువరస కొట్టలేనప్పుడు నడిమి వరస కొట్టింది. ఈ మహిళా జట్టులోనే మన నిజామాబాద్ జిల్లా తండా నుంచి వెళ్లిన గుగులోత్ సౌమ్య కూడా ఆడింది. వింగర్. క్రొయేషియా దేశంలో క్లబ్బుకు కూడా ఆడి వచ్చింది.

ఇదంతా విని మీరు అనుకోవచ్చు. ఢిల్లీలో, గోవాలో, కోల్‌కతాలో తేలాల్సిన సంగతులు మా కర్నూలు, కడప పల్లెల్లో మాకెందుకు అని. మీకే కావాలి. ఎందుకో చెబుతాను.

హైదరాబాద్ క్లబ్బు ఇప్పుడు మన దగ్గర లేదు. 2025లో ఢిల్లీకి తరలిపోయింది. మన సీమలో పెద్ద క్లబ్బు ఎప్పుడూ లేదు. కానీ మైదానాలు ఉన్నాయి. అనంతపురంలో ఆర్డీటీ సంస్థ కట్టిన క్రీడాగ్రామం ఉంది. పల్లెల పిల్లలు, ఆడపిల్లలతో సహా, అక్కడ ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. మన ఊళ్లలో హైస్కూలు ఆవరణలు ఉన్నాయి. పీఈటీ సార్లు ఉన్నారు. ఒక స్థానంలో బలం పుట్టేది అక్కడే.

సాధారణంగా బడిలో ఏం జరుగుతుంది? పొడుగ్గా ఉన్నవాణ్ణి వెనక నిలబెడతాం. లావుగా ఉన్నవాణ్ణి గోల్‌కీపర్ చేస్తాం. వేగంగా పరుగెత్తేవాణ్ణి అంచుకు పంపుతాం. ఆరో తరగతిలో నిలబడ్డ చోటే పదో తరగతి దాకా ఆడతాడు. ఆ పిల్లవాడిలో గోల్ కొట్టే నేర్పు ఉందో లేదో ఎవరికీ తెలియకుండానే బడి వదిలి వెళ్లిపోతాడు. జర్నైల్ సింగ్ కాలేజీలో ముందువరసలో ఆడకపోయి ఉంటే, జకార్తాలో రహీం సాబ్‌కు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

పీఈటీ సార్లకు, మేడమ్‌లకు నా మనవి. వారంలో ఒక్క రోజు పిల్లల చోట్లు మార్చండి. వెనక ఆడేవాణ్ణి ముందుకు పంపండి. ఎడమ కాలితోనే తన్నాలని ఒక ఆట పెట్టండి. దానికి డబ్బు ఖర్చు లేదు. ఒక బంతి, కాస్త ఓపిక ఉంటే చాలు.

తల్లిదండ్రులకు నా మనవి. మీ అమ్మాయి మ్యాచ్‌లో గోల్ తప్పిందని ఇంట్లో తిట్టకండి. సెంటర్ ఫార్వర్డ్ తయారయ్యేది గోల్స్ తప్పీ తప్పీనే. పోయిన వారం ఎలా తన్నావు, ఈ వారం ఎలా తన్నావు అని అడగండి.

క్లబ్బులు నడిపేవాళ్లకు, లీగ్ నడిపేవాళ్లకు కూడా ఒక మాట. విదేశీ ఆటగాళ్లు రావాలి, వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాలి. దాంతోపాటు మన కుర్రాడికి గోల్‌పోస్టు ముందు నిలబడే నిమిషాలు దక్కాలి. అతను తప్పులు చేసే వయసులోనే దక్కాలి. గోల్‌కీపర్ల విషయంలో ఆ పని జరిగింది, ఫలితం కళ్ల ముందుంది. ముందువరసలోనూ జరగాలి.

ఇక మీ అందరికీ చివరి మాట. ఈసారి భారత జట్టు ఆడేటప్పుడు టీవీలో చూడండి, రేడియోలో వినండి. గెలిస్తే సంతోషించండి, ఓడితే బాధపడండి. ఆ తర్వాత ఒక్కో స్థానం దగ్గర ఆగి ఆ ప్రశ్న వేసుకోండి. రేపు ఇతను ఆడకపోతే, ఆ చోట ఎవరు? ఛేత్రి చోట ఎవరు అని అడిగినప్పుడు మన నోటి నుంచి తడుముకోకుండా మూడు పేర్లు రావాలి. ఆ మూడు పేర్ల కోసం ఇవాళ సాయంత్రం మన బడి మైదానాల్లోనే పని మొదలవ్వాలి. అందులో ఒక పేరు రాయలసీమ బిడ్డది కావాలని, అవుతుందని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.